ఓడెక్కిన అప్పలస్వామిది ఏ ఊరు?

డర్బన్‌లోనో మారిషస్‌లోనో ఓ కుటుంబం తన ఇంటిపేరు కోసం వెతుక్కుంటోంది. చేతిలో ఉన్న ఆధారం ఒక్కటే... నూట పాతికేళ్ళ కిందట ఓడ జాబితాలో రాసిన ఓ పద్దు. అది ఉన్నది అక్కడ. దాన్ని సరిగ్గా చదవగలిగినవాళ్ళు మాత్రం ఇక్కడ, శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఉన్నారు!

విజయనగరం గంటస్తంభం దగ్గర నిలబడి ‘అప్పలస్వామీ’ అని గట్టిగా పిలిస్తే కనీసం ఇద్దరైనా వెనక్కి తిరిగి చూస్తారు. అదే పిలుపు దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో వినిపించినా పలికేవాళ్ళున్నారు. కాకపోతే అక్కడ అది మనిషి పేరు కాదు, ఇంటిపేరు. ‘అపల్సామీ’ అని పలుకుతారు. ఆడవాళ్ళ పేరు చివరా అదే, పిల్లల పేరు చివరా అదే. అప్పలరాజు, అప్పన్న అన్న పేర్లదీ అదే కథ.

ఆ ఇళ్ళలో చాలావాటిలో ఇప్పుడు తెలుగు వినిపించదు. నాలుగైదు తరాలుగా ఇంగ్లిష్‌లోనే పెరిగారు. తమ పేరు వెనక సింహాచలం కొండమీది దేవుడున్నాడన్న సంగతి తెలియనివాళ్ళూ ఉంటారు. కానీ ముత్తాత ఎక్కడివాడో తెలుసుకోవాలన్న కోరిక మాత్రం ఉంది. ఆ కోరికతో వాళ్ళు ముందు తలుపు తట్టేది గుడినీ కాదు, బంధువుల్నీ కాదు, పాత ఓడల జాబితాలను.

ఒక్కో మనిషికీ ఒక్కో నంబరు

ఆ జాబితాలు ఎలా పుట్టాయో తెలియాలంటే 1860కి వెళ్ళాలి. దక్షిణాఫ్రికాలోని నాటాల్ అప్పట్లో బ్రిటిష్ వలస రాజ్యం. చెరకు తోటలు వేశారు, కోసేవాళ్ళు లేరు. అప్పుడు తెల్లదొరల కళ్ళు మన దేశం మీద పడ్డాయి. అయిదేళ్ళ ఒప్పందం మీద కూలీలను తీసుకెళ్ళడం మొదలైంది. మద్రాసు నుంచి బయల్దేరిన మొదటి ఓడ ‘ట్రూరో’ 342 మందితో 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. చివరి ఓడ ‘ఉమ్లాజీ’ 1911 జులైలో వెళ్ళింది. ఈ మధ్య కాలంలో నాటాల్ గడ్డమీద కాలుపెట్టిన ఒప్పంద కూలీలు 1,52,184 మంది. వాళ్ళలో దాదాపు మూడింట రెండొంతులు మద్రాసు రేవు నుంచి ఓడెక్కినవాళ్ళే. తమిళులు ఎక్కువ, ఆ తర్వాత మనవాళ్ళు. చిత్తూరు ప్రాంతమూ కలిసి ఉన్న ఉత్తర ఆర్కాటు జిల్లా నుంచి, ఇటు విశాఖపట్నం, గంజాం జిల్లాల నుంచి తెలుగువాళ్ళు వెళ్ళారు.

మొదటి ఏడాది మగకూలీకి జీతం నెలకు 10 షిల్లింగులు. ఏటా ఒక్కో షిల్లింగు పెంపు. తిండీ బసా యజమానివి. ఊళ్ళో కరవూ అప్పులూ పీక్కుతింటున్నవాడికి ఆ మాట ఎలా వినబడి ఉంటుందో ఊహించుకోవచ్చు. 1896-97లో గంజాం, విశాఖపట్నం జిల్లాలను కరవు కుదిపేసింది కూడా. ఎటొచ్చీ ఏజెంటు చెప్పినదానికీ తోటలో ఎదురైనదానికీ మధ్య ఎంత దూరమో ఓడ దిగాకగానీ తెలియలేదు.

మనుషుల్ని తరలించడం వ్యాపారమయ్యాక లెక్క రాయక తప్పదు. ప్రతి ఓడకూ ఓ జాబితా. ప్రతి మనిషికీ ఓ వలస నంబరు. పేరు, తండ్రి పేరు, వయసు, ఆడా మగా, కులం, జిల్లా, ఠాణా, ఊరు... చివరికి ఒంటిమీది పుట్టుమచ్చలూ, ఎత్తూ, ఏ తోట యజమానికి అప్పగించారన్నదీ ఒకే వరసలో రాశారు. పారిపోతే పట్టుకోవడానికి రాసుకున్న వివరాలివి. వాళ్ళ మనవల మనవలకు ఇవే ఇప్పుడు ఆస్తి!

అన్నిటికన్నా ముఖ్యమైనది ఆ నంబరు. ఓ మనిషికి ఒకసారి ఇచ్చారంటే అక్కడి పెళ్ళి పద్దులో, పిల్లల పుట్టుక పద్దులో, తోట మారినప్పుడు, తిరుగు ప్రయాణంలో... ఎక్కడైనా అదే. ఒకే ఓడలో నలుగురు రామన్నలు ఉండొచ్చు. నంబరు మాత్రం ఒక్కరికే. అందుకే డర్బన్‌లో వంశవృక్షం గీసుకునేవాళ్ళు ముందుగా ఇంట్లో పాత ట్రంకుపెట్టెలు తిరగేస్తారు. తాతగారి పెళ్ళి కాగితమో, పుట్టిన సర్టిఫికెట్టో దొరికి దానిమీద నంబరుంటే సగం పని అయినట్టే.

దించుకోవడం అంత తేలికేం కాదు

జాబితాలున్నాయి సరే, లక్షన్నర పేర్లలో ఒక పేరు వెతకడం ఎలా? ఎవరో ఒకరు కూర్చుని ఆ చేతిరాతనంతా మళ్ళీ రాయాలి. డర్బన్-వెస్ట్‌విల్ విశ్వవిద్యాలయంలో చరిత్ర ఆచార్యురాలు జాయ్ బ్రెయిన్ ఈ జాబితాలను కంప్యూటర్లోకి ఎక్కించే పని తలకెత్తుకున్నారు. చరిత్రకారుడు సురేంద్ర భానా 1860 నుంచి 1902 వరకూ వెళ్ళిన 95,382 మంది వివరాలను విశ్లేషించి 1991లో ఓ పుస్తకమే తెచ్చారు. ఆ విశ్వవిద్యాలయం 2004లో క్వాజులు-నాటాల్ విశ్వవిద్యాలయంలో కలిసిపోయింది. అక్కడి గాంధీ-లుతులి డాక్యుమెంటేషన్ సెంటర్ ఈ జాబితాలను అందరికీ అందుబాటులోకి తెచ్చింది.

ఫిజీ సంగతీ ఇలాంటిదే. 1879 నుంచి 1916 దాకా 87 ఓడ ప్రయాణాల్లో సుమారు 61 వేలమంది వెళ్ళారు. మద్రాసు నుంచి 1903లో మొదలైంది. అక్కడ జాబితాతోపాటు మనిషికో ‘ఎమిగ్రేషన్ పాస్’ ఉంటుంది. దగ్గరి బంధువు పేరు కోసం కూడా అందులో ఓ గడి పెట్టారు. ఫిజీలో పుట్టిన చరిత్రకారుడు బ్రిజ్ లాల్ ఉత్తరాది నుంచి వెళ్ళిన 45,439 మంది పాస్‌లను ఒక్కొక్కటిగా పరిశీలించి 1983లో ‘గిర్మిటియాస్’ అన్న గ్రంథం రాశారు. ఆయన తాతా ఒప్పంద కూలీయే. 2021లో కన్నుమూసిన ఆయన పట్టిన ఓపిక ముందు ఎవరైనా చేతులెత్తి దణ్ణం పెట్టాల్సిందే.

ఇంతకీ ఈ పనిలో కష్టమేంటి? చూసి రాయడమేగా అనిపిస్తుంది. ఓసారి ఆ పద్దు పుట్టిన తీరు చూడండి. గజపతినగరం పక్క పల్లె నుంచి వచ్చిన కుర్రాడు తన పేరూ ఊరూ తన యాసలో చెబుతాడు. అతనికి చదువు రాదు కాబట్టి రాసింది సరిచూసుకోలేడు. మద్రాసులో గుమస్తాకి ఆ యాస కొత్త. వినబడిందేదో ఇంగ్లిష్ అక్షరాల్లో పెడతాడు. మన ళ, ణ, ట, త తేడాలు ఆ అక్షరాల్లో ఇమడవు. నూరేళ్ళ తర్వాత తెలుగు ముక్క రానివాళ్ళు ఆ చేతిరాతను చూసి టైపు చేస్తారు. పాత గొలుసుకట్టు రాతలో ఎన్ అక్షరం యు లా ఉంటుంది, ఏ చూస్తే ఓ లా ఉంటుంది. సిరా పాకిన చోట ఎవరి ఊహ వాళ్ళది. మనిషి నోటి నుంచి కంప్యూటర్ తెరదాకా వచ్చేసరికి పేరు రెండు మూడుసార్లు వేషం మార్చేస్తుంది.

అందుకే ఈ పని తెలిసినవాళ్ళు పెట్టుకునే మొదటి నియమం ‘దిద్దొద్దు’. రాసింది తప్పని తెలిసినా ఉన్నదున్నట్టే దించాలి. అసలు పేరేమై ఉంటుందో పక్కన వేరే గడిలో రాయాలి. ఒకే పేజీని ఇద్దరు విడివిడిగా టైపు చేసి, తేడా వచ్చినచోట మూడో మనిషి మూలం చూసి తేల్చడం ఇంకా మంచి పద్ధతి. సరిదిద్దేశామనుకుని మూలాన్ని చెరిపేస్తే తర్వాత వచ్చేవాడికి దారి మూసుకుపోతుంది.

దేవుళ్ళే చిరునామా

ఇదిగో, ఇక్కడే మనవాళ్ళ అవసరం పడుతుంది. డర్బన్‌లో కూర్చున్న మనిషికి ఆ పేర్లన్నీ ఒకటే. ఉత్తరాంధ్ర మనిషికి అలా కాదు. పేరు చూడగానే దేవుడు గుర్తొస్తాడు, దేవుడు గుర్తొస్తే ప్రాంతం తెలిసిపోతుంది.

అప్పలస్వామి, అప్పలనాయుడు, అప్పలకొండ, అప్పలనరసమ్మ, సింహాచలం, సింహాద్రి... వీళ్ళంతా సింహాద్రి అప్పన్న ఇలాకా. పైడితల్లి, పైడిరాజు, పైడమ్మ అంటే విజయనగరం చుట్టుపక్కల. కూర్మయ్య, కూర్మారావు, కూర్మినాయుడు అన్నారంటే చూపు శ్రీకూర్మం వైపు తిప్పాలి. ముఖలింగం అన్న పేరు వంశధార ఒడ్డున వినబడినంతగా మరెక్కడ వినబడుతుంది? నూకరాజు, నూకాలమ్మ అయితే కాస్త దక్షిణానికి, అనకాపల్లి వైపు. ఇక ‘సన్యాసి’ అన్న మాట జాబితాలో కనబడితే ఆ మనిషి కాషాయం కట్టినవాడేమో అని పరాయివాళ్ళు పొరబడొచ్చు. ఈ జిల్లాల్లో సన్యాసిరావులూ, సన్యాసమ్మలూ ఇంటింటికీ ఉన్నారని వాళ్ళకెలా తెలుస్తుంది పాపం!

ఇదంతా రుజువు కాదు, ఆచూకీ మాత్రమే. పేరును పట్టుకుని ఊరు తేల్చేయలేం. కానీ జిల్లా గడిలో ‘విజాగపటం’ అని ఉండి, పేరు కూర్మన్నకు దగ్గరగా ఉండి, ఊరి పేరు సగం చెరిగిపోతే ఎటు వెతకాలో తెలుస్తుంది. ఆ పాటి దిక్కు చూపడానికి పెద్ద చదువులు అక్కర్లేదు. శ్రీకాకుళంలో పుట్టి పెరిగితే చాలు.

అసలు చిక్కు మరోటుంది. జాబితాలో గళ్ళన్నీ ఉన్నాయి కానీ ఇంటిపేరు కోసం గడి లేదు! తెలుగువాళ్ళకు ఇంటిపేరు ఎంత ముఖ్యమో తెల్లవాళ్ళకు తెలియదు, తెలిసినా వాళ్ళ పనికి అవసరం లేదు. పేరు, తండ్రి పేరు ఉంటే చాలనుకున్నారు. నాటాల్‌లో పుట్టిన పిల్లలకు చివరి పేరు కావాల్సి వచ్చినప్పుడు తండ్రి పేరే ఆ చోట కూర్చుంది. అలా ఓడెక్కిన ఒక్క అప్పలస్వామి ఓ వంశానికే పేరయ్యాడు. కొందరు కులంతోపాటు వచ్చిన ‘నాయుడు’ను పట్టుకుని ‘నాయిడూ’లయ్యారు. మన దగ్గర వెలమలకూ కాపులకూ ఇంకా కొందరికీ కూడా పేరు చివర నాయుడు ఉంటుంది కనుక దాన్నిబట్టి తేలేదేమీ లేదు. ఏ ఇంట్లోనైనా ముసలమ్మ నోట అసలు ఇంటిపేరు మిగిలి ఉందంటే ఆ కుటుంబం అదృష్టం పండినట్టే. ఇక్కడ ఊరికొచ్చి ‘ఫలానా అప్పలస్వామి మనవళ్ళం’ అంటే ఎవరూ గుర్తుపట్టరు. ఇంటిపేరు చెబితే అరుగుమీది పెద్దాయన ‘ఒరేయ్, ఆళ్ళు మన పై ఈదోళ్ళు కదరా’ అనగలడు.

‘గంజాం’ అంటే ఒడిశాయేనా?

పేరు తేలింది. ఇక ఊరు. ఇందులోనూ ఓ పెద్ద గొయ్యి ఉంది. చాలామంది అందులోనే పడుతున్నారు.

ముత్తాత జిల్లా ‘గంజాం’ అని జాబితాలో కనబడుతుంది. అక్కడి కుర్రాళ్ళు కంప్యూటర్లో వెతుకుతారు. గంజాం ఒడిశాలో ఉందని వస్తుంది. ‘అయితే మేం ఒడియావాళ్ళమా?’ అని తలలు పట్టుకుంటారు. కాదు! ఆ రోజుల్లో గంజాం మద్రాసు రాజధానిలో జిల్లా. ఇచ్ఛాపురం, సోంపేట, టెక్కలి, నరసన్నపేట, శ్రీకాకుళం అన్నీ దాంట్లోవే. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి గంజాం అటు పోయినప్పుడు ఈ తెలుగు ప్రాంతాలు విశాఖపట్నం జిల్లాలో కలిశాయి. శ్రీకాకుళం జిల్లా 1950లో, విజయనగరం జిల్లా 1979లో పుట్టాయి. కాబట్టి ఏ ఓడ జాబితాలోనూ ‘శ్రీకాకుళం జిల్లా’ అని కనబడదు. వెతికినా వృథాయే. ఊరు పేరుగా చూసినా ‘చికాకోల్’ అనే ఉంటుంది. భీమునిపట్నం ‘బిమ్లీపటం’, కళింగపట్నం ‘కాలింగపటం’ అవుతాయి.

బొబ్బిలి, సాలూరు, పార్వతీపురం, పాలకొండ, చీపురుపల్లి, శృంగవరపుకోట... ఇవన్నీ పాత విశాఖపట్నం జిల్లా కిందివే. దానికితోడు 2022లో జిల్లాలు మళ్ళీ మారాయి. పాలకొండ పార్వతీపురం మన్యం జిల్లాలోకి, రాజాం విజయనగరంలోకి వెళ్ళాయి. డర్బన్ నుంచి వచ్చినవాళ్ళు నూటపాతికేళ్ళ నాటి జిల్లా పేరు చెబితే, ఇక్కడి ఆఫీసులో ఇప్పటి జిల్లా అడుగుతారు. మధ్యలో నాలుగు పటాలు దాటి రావాలి.

ఊరి పేర్లు ఇంకో తమాషా. ఈ ప్రాంతంలో ఎన్ని ఊళ్ళ పేర్లు ‘వలస’తో ముగుస్తాయో లెక్కే లేదు. కొత్తవలస, ఆమదాలవలస నుంచి మొదలుపెడితే మండలానికి నాలుగు దొరుకుతాయి. ఎక్కడినుంచో వలస వచ్చి కట్టుకున్న ఊరు, ఆ ఊరి నుంచి మళ్ళీ వలస! జాబితాలో ‘కొత్తవలస’ అన్నంత మాత్రాన రైల్వే జంక్షన్ ఉన్న కొత్తవలసే అనుకుంటే పప్పులో కాలేసినట్టే. అదే పేరుతో మరికొన్ని పల్లెలున్నాయి. అందుకే పక్కనున్న ఠాణా పేరును వదలకూడదు. చాలామంది ఊరు పేరొక్కటే రాసుకుని బయల్దేరతారు. ఠాణాయే గనక ఉంటే వెతకాల్సిన ఊళ్ళ సంఖ్య వందల నుంచి పదుల్లోకి దిగుతుంది.

ఓ ఉదాహరణ ఊహించుకుందాం. పేరు ‘అపల్సామీ’, తండ్రి ‘సునియాసీ’, వయసు 22, కులం ‘కాపూ’, జిల్లా ‘విజాగపటం’, ఠాణా ‘గజ్‌పతినగర్’, ఊరు ‘కొట్టా వల్సా’ అని ఉందనుకోండి. తెలుగు తెలియనివాళ్ళకు ఇదో గుట్టు. చదివే మీకు అప్పుడే అర్థమైపోయి ఉంటుంది, సన్యాసి కొడుకు అప్పలస్వామి, గజపతినగరం తాలూకా. ఇక మిగిలింది ఆ చుట్టుపక్కల అలాంటి పేరున్న పల్లెలు ఎన్నో చూడటం.

పద్దు అబద్ధం చెబితే?

జాబితాలో రాసిందంతా వేదం కాదు. ఇంట్లో చెప్పకుండా వచ్చేసినవాడు తండ్రి పేరు మార్చి చెప్పి ఉండొచ్చు. అప్పులవాళ్ళకు భయపడి వచ్చినవాడు ఊరు మార్చి ఉండొచ్చు. ఈ కులంవాళ్ళు పొలం పనికి పనికిరారని దొరలు తిప్పి పంపుతారని విన్నవాడు కులమే మార్చి ఉండొచ్చు. వయసైతే సరేసరి. చూసి అంచనా వేసి రాసిందే ఎక్కువ.

ఆడవాళ్ళ పద్దులు మరీ జాగ్రత్తగా చదవాలి. వంద మంది మగవాళ్ళకు 40 మంది ఆడవాళ్ళు ఉండాలన్న నిబంధన ఉండటంతో ఏజెంట్లు ఒంటరి ఆడవాళ్ళ కోసం వెతికేవారు. భర్త పోయినవాళ్ళూ, మెట్టినింటి బాధలు పడలేక వచ్చేసినవాళ్ళూ ఎందరో ఓడెక్కారు. జాబితాలో భార్యాభర్తలుగా కనబడిన ఇద్దరు మద్రాసు డిపోలోనే మొదటిసారి కలుసుకుని ఉండొచ్చు. వంశవృక్షం గీసేటప్పుడు ఈ మాట కొందరికి మింగుడు పడదు. నిజానికి సిగ్గుపడాల్సిందేమీ లేదు. అంత దూరం ఒంటరిగా వెళ్ళి ఓ వంశాన్ని నిలబెట్టిన ఆడమనిషి కన్నా గొప్ప పూర్వీకురాలు ఎవరుంటారు? పైగా ఆ రోజుల్లో ఊళ్ళో ఉండిపోయిన పేదింటి ఆడవాళ్ళలో ఎందరి పేర్లు కాగితం మీదికి ఎక్కాయి? ఓడెక్కిన పైడమ్మ పేరు, వయసు, ఎత్తు, చేతిమీది పచ్చబొట్టుతో సహా భద్రంగా ఉంది. ఆమె ఊళ్ళోనే ఉండిపోయిన అక్క గురించి ఒక్క ముక్కా దొరకదు.

ఇంకో లెక్కా గుర్తుంచుకోవాలి. నాటాల్‌కు 1866 నుంచి 1874 దాకా ఓడలు ఆగిపోయాయి. ‘మా తాత 1870లో వచ్చాడట’ అని ఇంట్లో చెప్పుకుంటుంటే ఆ ఏడాది జాబితాల్లో తల దూర్చి లాభం లేదు. ముందూ వెనకా చూడాలి. లేదంటే మారిషస్ ఓడ అయినా అయి ఉండాలి. అలాగే ఒప్పందం ముగించుకుని తిరిగొచ్చినవాళ్ళూ, వచ్చాక ఇక్కడ ఇమడలేక మళ్ళీ వెళ్ళినవాళ్ళూ ఉన్నారు. ఒకే మనిషి రెండు జాబితాల్లో కనబడితే కంగారు పడాల్సిన పనిలేదు.

మారిషస్‌లో ఫొటోలు కూడా!

ఈ విషయంలో అందరికన్నా అదృష్టవంతులు మారిషస్‌వాళ్ళు. 1834లో మొదలై తొంభై ఏళ్ళలోపు నాలుగున్నర లక్షలమందికి పైగా భారతీయులు ఆ చిన్న దీవికి వెళ్ళారు. వాళ్ళ పద్దులన్నీ మోకా పట్టణంలోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో భద్రంగా ఉన్నాయి. 1860ల నుంచి కూలీల ఫొటోలు కూడా తీశారు. ముత్తాత పేరు వెతుక్కుంటూ వెళ్ళినవాళ్ళకు ఆయన ముఖమే ఎదురుపడుతుందన్నమాట! ఆ రికార్డులను యునెస్కో 2015లో ‘ప్రపంచ జ్ఞాపకాల’ పట్టికలో చేర్చింది. ఫిజీ, గయానా, సురినామ్, ట్రినిడాడ్‌ల రికార్డులకు ఆ గౌరవం 2011లోనే దక్కింది.

మారిషస్‌లో మొదట తెలుగువాళ్ళను పిలిచిన పేరు ‘కోరింగీ’. తూర్పుగోదావరి తీరంలో 1839 తుపానుకు దెబ్బతిన్న కోరంగి రేవు పేరది. ఏ జిల్లా నుంచి వెళ్ళినా సరే, తెలుగు మాట్లాడితే కోరింగీయే. అక్కడ ఉగాది సెలవురోజు. గుళ్ళలో రామభజన, అమ్మోరు పండుగతోపాటు సింహాద్రి అప్పన్న పూజ కూడా చేస్తారు. ఉత్తరాంధ్ర మనుషులు అటు వెళ్ళారనడానికి జాబితా చూడకముందే దొరికే ఆనవాలు అది. 1990లో ప్రపంచ తెలుగు మహాసభలు మారిషస్‌లో జరగడానికి వెనక ఉన్నదీ ఆ కూలీల సంతతే.

మారిషస్‌లో పుట్టిన తెలుగు సంతతి రచయిత్రి నతాషా అప్పన్న ఫ్రెంచి సాహిత్యంలో పేరున్న వ్యక్తి. ఒప్పంద కూలీల మీద 2003లోనే నవల రాశారు. 1872లో ఓడ దిగిన తన పూర్వీకుల కథను, రికార్డుల్లో దొరికిన వాళ్ళ నంబర్లతో సహా 2023లో ‘లా మెమ్వార్ దెలావే’ పుస్తకంలో చెప్పారు. ఆమె మూలాలు ఈ రెండు జిల్లాల్లోవేనని కాదు. కానీ పేరు చివర అప్పన్నను మోస్తూ పారిస్ పుస్తకాల షాపుల్లో కనబడే మనిషిని చూస్తే ఇటువైపు వాళ్ళకు కాస్త గర్వంగా ఉండదూ!

మరి ఇదంతా సరదా కోసమేనా? కాదు. మన దేశంలో ‘ఓవర్సీస్ సిటిజన్’ కార్డు కావాలంటే పూర్వీకులు భారతీయులని కాగితం చూపించాలి. మామూలుగా నాలుగో తరం దాకానే వీలు. 1870ల్లో ఓడెక్కినవాళ్ళ వంశాలు ఎప్పుడో ఆ గీత దాటేశాయి. రాష్ట్రపతి ద్రౌపది ముర్ము 2024 మార్చిలో మారిషస్ వెళ్ళినప్పుడు అక్కడి భారత సంతతికి ఏడో తరం దాకా అవకాశమిస్తున్నట్టు ప్రకటించారు. ఏడు తరాల వెనక్కి వెళ్ళి చూపించడానికి ఓడ పద్దు తప్ప ఇంకేం కాగితం ఉంటుంది? అందులో ఓ అక్షరం తప్పుగా టైపు చేసి ఉంటే తాతకూ మనవడికీ మధ్య బంధమే తెగిపోయినట్టు కనబడుతుంది. గుమస్తా పొరపాటుకు గవర్నమెంటు మనుషులు జవాబు అడిగేది మునిమనవణ్ణి!

ఇలాంటివాళ్ళు ఎవరైనా ఊరి పేరు పట్టుకుని మీ దగ్గరకు వస్తే ముందు మూలం ఫొటో అడగండి, టైపు చేసింది సరిపోదు. ఆ పేరును మనసులో కాదు, పైకి చదవండి. కంటికి అర్థంకానిది చెవికి తెలుస్తుంది. వీలైతే అరవై దాటిన మనిషితో చదివించండి. పాత శివారు పల్లెల పేర్లు, వాడుకలోంచి పోయిన ఇంటి పిలుపులు వాళ్ళకే గుర్తుంటాయి. ఇంకో మాట... వచ్చినవాళ్ళు భూమి వాటా అడగడానికి వచ్చారేమోనని కొన్ని ఊళ్ళలో నోళ్ళు కట్టేసుకుంటారు. వాళ్ళకు కావాల్సింది సెంటు భూమి కాదు, ఇంటిపేరు.

రంగం వెళ్ళినవాళ్ళకు జాబితా ఏదీ?

శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో నాటాల్ అంటే ఎవరికీ గుర్తులేకపోవచ్చు కానీ ‘రంగం’ అంటే చెప్పనక్కర్లేదు. ‘మా తాత రంగం ఎల్లిపోనాడు’ అన్న మాట వినని ఇల్లుండదు. రంగూన్‌కే మనవాళ్ళు పెట్టుకున్న పేరది. బారువ, కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖపట్నం రేవుల నుంచి బర్మాకు వెళ్ళినవాళ్ళతో పోలిస్తే నాటాల్ వెళ్ళినవాళ్ళు గుప్పెడు. బియ్యం మిల్లుల్లో, రేవులో, రిక్షాల దగ్గర ఎక్కడ చూసినా మనవాళ్ళే ఉండేవారు.

చిత్రమేంటంటే వాళ్ళకు అలాంటి పద్దులు లేవు. బర్మా అప్పట్లో బ్రిటిష్ ఇండియాలో భాగం. 1937లో విడదీసేదాకా అది పరాయి దేశం కాదు. ఒప్పందమూ నంబరూ లేవు. మేస్త్రీ వెంట వెళ్ళడం, టిక్కెట్టు కొని ఓడెక్కడం, పంటల నాటికి తిరిగి రావడం. తలలు లెక్కపెట్టారే గానీ తండ్రి పేరూ ఊరి పేరూ అడిగి రాసుకోలేదు. కూలీని కట్టిపడేసిన చోట కాగితం మిగిలింది, స్వేచ్ఛగా వెళ్ళినచోట ఏమీ మిగల్లేదు. అస్సాం తేయాకు తోటలకు ఇక్కడినుంచి వెళ్ళినవాళ్ళ సంగతి ఇంకో కథ. వాళ్ళు రైలెక్కినవాళ్ళు.

1941 డిసెంబరులో రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాయి. ఓడల్లో చోటు దొరకనివాళ్ళు అరకాన్ కొండల మీదుగా, మణిపూర్, అస్సాం అడవుల మీదుగా నడిచొచ్చారు. దారిలో పోయినవాళ్ళ పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు. వచ్చినవాళ్ళ నోళ్ళలో ఉన్నాయి. ఇంట్లో అలాంటి పెద్దవాళ్ళుంటే ఓ ఆదివారం పక్కన కూర్చుని ఓడ పేరు, ఎక్కిన రేవు, తోడు వెళ్ళిన ఊరివాళ్ళ పేర్లు, తిరిగిరానివాళ్ళ పేర్లు అడిగి రాసుకోవచ్చు. సెల్‌ఫోన్లో రికార్డు చేసుకున్నా సరే. ఆ ఏడాది అమ్మ చంకనెక్కి అడవులు దాటొచ్చిన పిల్లలకు ఇప్పుడు ఎనభై దాటాయి.